వార్డు కమిటీలు, స్థానిక పర్యావరణ కార్యాచరణ: చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్

నిర్వచనం

నాలాలు, చెత్త, చెట్లు, చెరువులు, గాలి, ఎండ వంటి విషయాలను నగరంలో పేట స్థాయిన కనిపెట్టుకుని ఉండే బృందాలను స్థానిక పర్యావరణ కమిటీలు అనవచ్చు. వీటిలో కొన్ని చట్టం వల్ల పుట్టినవి, కొన్ని ప్రభుత్వ ఉత్తర్వుల వల్ల ఏర్పడినవి, మరికొన్ని కాలనీవాసులు తమంతట తాము పెట్టుకున్నవి. హైదరాబాద్‌లో ఈ పనంతటినీ ఒక్క చేతి మీదుగా నడిపే కమిటీ లేదు. వార్డు కమిటీ, ఏరియా సభ, జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, చెరువుల పరిరక్షణ కమిటీ, కాలనీ సంక్షేమ సంఘం ఆ బాధ్యతను తలా కొంత మోస్తున్నాయి.

వాతావరణ మార్పు అన్న మాట వీటి సమావేశాల్లో అరుదుగానే వినిపిస్తుంది. వినిపించేవి పూడికతీత, ఇంకుడు గుంత, తడిచెత్త, చెట్టు కొట్టివేత. పేరు ఏదైనా పని అదే. కుండపోత వానకు నాలాను సిద్ధం చేయడం, మే నెల ఎండకు ఇంటి కప్పును సిద్ధం చేయడం వాతావరణ మార్పును తట్టుకునే చర్యలు. తడిచెత్తను డంపుకు చేరకుండా ఆపడం ఆ మార్పుకు కారణమయ్యే వాయువులను తగ్గించే చర్య.

ఈ వ్యాసం హైదరాబాద్ నడిబొడ్డున ఒకదానికొకటి ఆనుకుని ఉన్న చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌లను ఉదాహరణగా తీసుకుంటుంది.

ప్రాంతం, నీటి దారి

ఈ మూడు పేటలకూ ఎగువన హుస్సేన్‌సాగర్ ఉంది. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, 1562 ప్రాంతంలో, హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో తవ్వించిన ఈ చెరువు పూర్తి నీటిమట్టం 513.41 మీటర్లు. కట్టకు దిగువన లోయర్ ట్యాంక్‌బండ్, దోమలగూడ, గాంధీనగర్, అశోక్‌నగర్ పల్లంలో ఉన్నాయి. చెరువు నిండితే వదిలే నీరు మిగులు నాలాలో పడి అశోక్‌నగర్, దోమలగూడల మీదుగా నల్లకుంట, గోల్నాక వైపు సాగి మూసీలో కలుస్తుంది.

చెరువులోకి నీటిని తెచ్చేవి కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు. వీటి పరీవాహక ప్రాంతం 200 చదరపు కిలోమీటర్లకు పైనే. దాంతో అశోక్‌నగర్‌లో చినుకు పడకపోయినా, కూకట్‌పల్లిలో కురిసిన వాన కొంతసేపటికి అశోక్‌నగర్ నాలా గోడను తాకగలదు. స్థానిక కమిటీల పనిని అర్థం చేసుకోవడానికి పేటల ఎల్లల కంటే ఈ నీటి దారే ఎక్కువ ఉపయోగపడుతుంది.

పాలనాపరంగా చూస్తే చిక్కడపల్లి, అశోక్‌నగర్ ముషీరాబాద్ శాసనసభ నియోజకవర్గంలోనివి. నారాయణగూడలో ఎక్కువ భాగం హిమాయత్‌నగర్ డివిజన్ ద్వారా అంబర్‌పేట నియోజకవర్గం కిందికి వస్తుంది. (వార్డును హైదరాబాదీలు డివిజన్ అనే అంటారు.) ఒకే నాలా ఒడ్డున ఉన్న ఇళ్ల ఫిర్యాదులు ఇద్దరు ఎమ్మెల్యేల దగ్గరికి, అంతకు మించిన సంఖ్యలో కార్పొరేటర్ల దగ్గరికి చేరతాయి.

వాడుకలోనూ ఈ పేటలు ఒక్కలాంటివి కావు. అశోక్‌నగర్ పోటీ పరీక్షల అభ్యర్థుల అడ్డా. కోచింగ్ కేంద్రాలు, హాస్టళ్లు, మెస్‌లు, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం చుట్టూ అక్కడి దినచర్య తిరుగుతుంది. చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ, ఆ పక్కనే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సినిమా హాళ్లు ఉన్నాయి. నారాయణగూడలో కేశవ మెమోరియల్ వంటి విద్యాసంస్థలు, నీటి, ఆహార నమూనాలను పరీక్షించే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్, మెల్కోటే పార్కు ఉన్నాయి. ఈ పేటలకు దగ్గరలోని పెద్ద పచ్చదనం దోమలగూడలోని ఇందిరా పార్కు. 76 ఎకరాల ఈ పార్కుకు 1975 సెప్టెంబరులో రాష్ట్రపతి ఫకృద్దీన్ అలీ అహ్మద్ శంకుస్థాపన చేశారు.

చరిత్ర

హైదరాబాద్‌లో పురపాలన 1869లో మొదలైంది. అప్పుడు నగరాన్ని నాలుగు, చాదర్‌ఘాట్ శివారును ఐదు భాగాలుగా విభజించారు. 1886లో చాదర్‌ఘాట్ వేరే మునిసిపాలిటీ అయింది. 1933లో తిరిగి హైదరాబాద్ మునిసిపాలిటీలో కలిసింది. సికింద్రాబాద్ 1960లో చేరింది. 2007 ఏప్రిల్ 16న చుట్టుపక్కల 12 మునిసిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీల విలీనంతో గ్రేటర్ హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ (జీహెచ్‌ఎంసీ) ఏర్పడింది.

పర్యావరణం ఒక పాలనా విషయంగా ఈ నగరానికి పరిచయమైంది వరద వల్లనే. 1908 సెప్టెంబరు 28న మూసీ నగరాన్ని ముంచెత్తింది. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలపై ఎగువన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) జలాశయాలు కట్టారు. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ మురుగుపారుదల, వెడల్పాటి రోడ్లు, ఇరుకు బస్తీల పునర్నిర్మాణం చేపట్టింది. ఇవన్నీ పైనుంచి కిందికి వచ్చిన పనులే. బస్తీవాసులకు అందులో సభ్యత్వం లేదు.

ఆ లోటును కొంతవరకు పూడ్చింది 1967లో నగర కార్పొరేషన్ మొదలుపెట్టిన పట్టణ సముదాయాభివృద్ధి పథకం. బస్తీల్లో మహిళా మండళ్లను, యువజన సంఘాలను కూడగట్టి తాగునీరు, మరుగుదొడ్లు, ఇళ్ల పనులను వాటి ద్వారా జరిపించిన ఈ పథకానికి తర్వాత యునిసెఫ్ తోడ్పాటు అందింది. దేశంలో ఇతర నగరాలు దీన్ని పరిశీలించడానికి వచ్చేవి. నేటి స్వయం సహాయక బృందాలతో వ్యవహరించే జీహెచ్‌ఎంసీ విభాగం దీని వారసురాలే. 1997 జనవరిలో మొదలైన జన్మభూమి కార్యక్రమం శ్రమదానం, పారిశుధ్యం, మొక్కల పెంపకం అనే మూడింటినీ రాజకీయ వాడుకలోకి తెచ్చింది. ఇప్పటి వార్డు స్థాయి కార్యక్రమాల్లో ఆ ముద్ర కనిపిస్తూనే ఉంటుంది.

చట్టపరమైన పునాది 74వ రాజ్యాంగ సవరణ. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన ఈ సవరణ ప్రకారం మూడు లక్షలు, అంతకు మించిన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలి (243-ఎస్ అధికరణ). 18 అంశాలున్న పన్నెండో షెడ్యూల్‌లో ఎనిమిదోది పట్టణ అడవుల పెంపకం, పర్యావరణ రక్షణ. 2005 డిసెంబరులో కేంద్రం ప్రారంభించిన జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ పునరుద్ధరణ పథకం నిధులివ్వడానికి ప్రజల భాగస్వామ్య చట్టాన్ని షరతుగా పెట్టింది. ఏరియా సభలు అలా వచ్చినవే. జనం అడిగినందువల్ల కాక, ఢిల్లీ నిధుల కోసం పుట్టిన వ్యవస్థ కావడం దాని తర్వాతి నడకను చాలావరకు వివరిస్తుంది.

2020 అక్టోబరులో జీహెచ్‌ఎంసీ చట్టాన్ని సవరించి యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులు అనే నాలుగు రకాల వార్డు కమిటీలకు చోటు కల్పించారు. బడ్జెట్‌లో 10 శాతాన్ని హరిత నిధిగా పచ్చదనానికి కేటాయించాలన్న నిబంధన కూడా అప్పుడే వచ్చింది. ఆ నెల 13, 14 తేదీల్లోనే నగరం ఇటీవలి దశాబ్దాల్లోని అతిపెద్ద వరదల్లో ఒకదాన్ని చూసింది.

కమిటీల రకాలు

వార్డు కమిటీకి ఆ వార్డు కార్పొరేటర్ అధ్యక్షులు. వార్డును కొన్ని ఏరియాలుగా విడగొట్టి, ఒక్కో ఏరియా సభకు ఒక ప్రతినిధిని నియమిస్తారు. పారిశుధ్యం, తాగునీరు, మురుగుపారుదల పర్యవేక్షణ, వార్డు అవసరాల జాబితా తయారీ, మొక్కల పెంపకంలో జనాన్ని కలుపుకోవడం దీని పనులు. సభ్యులు ఎన్నికైనవారు కారు, నియమితులు.

జీవవైవిధ్య యాజమాన్య కమిటీ వేరే చట్టం నుంచి వచ్చింది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం 41వ సెక్షన్ ప్రతి స్థానిక సంస్థా ఇలాంటి కమిటీని వేయాలంటుంది. 2004 నియమాల ప్రకారం ఇందులో అధ్యక్షులు కాక ఆరుగురికి మించకుండా సభ్యులు, వారిలో కనీసం మూడోవంతు మహిళలు, 18 శాతానికి తగ్గకుండా ఎస్సీ, ఎస్టీలు ఉండాల్సి ఉండేది. ప్రధాన కర్తవ్యం ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్‌ను రాయడం: ఏ చెట్టు, ఏ పక్షి, ఏ నీటి వనరు ఎక్కడుంది, స్థానికులకు దాని గురించి ఏం తెలుసు అన్న నమోదు. 2012 అక్టోబరులో జీవవైవిధ్య ఒప్పంద దేశాల 11వ సదస్సు హైదరాబాద్‌లో జరిగింది. ఆ సందర్భంగా నగర జీవవైవిధ్య సూచికను కూడా తయారు చేశారు.

చెరువుల పరిరక్షణ కమిటీని 2010లో హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) కమిషనర్ అధ్యక్షతన ఏర్పాటు చేశారు. హెచ్‌ఎండీఏ పరిధిలో లెక్కించిన చెరువులు 3,132. ఒక్కో చెరువుకు పూర్తి నీటిమట్టం హద్దు గీసి, ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలు విని, తుది నోటిఫికేషన్ వెలువరించడం దీని పద్ధతి. ప్రాథమికానికీ తుదికీ మధ్య ఎడమే ఈ కమిటీ ఎదుర్కొన్న ప్రధాన విమర్శ.

గాలి విషయంలో 2019 జనవరిలో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద నగర స్థాయి అమలు కమిటీ పనిచేస్తుంది. ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో హైదరాబాద్ ఉంది.

చివరి అంచె కాలనీ, అపార్ట్‌మెంట్ సంక్షేమ సంఘాలు. చట్టం వీటికి అధికారమేదీ ఇవ్వకపోయినా, పైన చెప్పిన కమిటీలన్నింటికంటే తరచుగా కూర్చునేవి ఇవే. నగరమంతటికీ వర్తించే అంశాలపై 2000లో ఏర్పడిన ఫోరం ఫర్ ఎ బెటర్ హైదరాబాద్, చెరువుల కోసం పనిచేసే సేవ్ అవర్ అర్బన్ లేక్స్ వంటి పౌర వేదికలు కోర్టులు, అధికార కమిటీల ముందు వాదన వినిపిస్తూ వచ్చాయి.

పనితీరు: నాలా

ఈ మూడు పేటల్లో పర్యావరణ పని అంటే ముందు గుర్తొచ్చేది నాలా. 2000 ఆగస్టు 24తో ముగిసిన 24 గంటల్లో నగరంలో 241.5 మిల్లీమీటర్ల వాన కురిసింది. హుస్సేన్‌సాగర్ మిగులు నాలా పొంగి ఒడ్డున ఉన్న కాలనీలను ముంచింది. ఆ వరద తర్వాతే పాత నగరపాలక సంస్థ పరిధిలోని నాలాల సామర్థ్యంపై కిర్లోస్కర్ కన్సల్టెంట్స్‌తో అధ్యయనం చేయించారు. నాలాలు వెడల్పు కావాలని, ఆక్రమణలు తొలగాలని నివేదిక తేల్చింది. అమలు నత్తనడకన సాగింది.

2020 అక్టోబరు 14 ఉదయానికి బేగంపేటలో దాదాపు 19 సెంటీమీటర్లు, ఘట్‌కేసర్ ప్రాంతంలో 32 సెంటీమీటర్ల వాన నమోదైంది. దరిమిలా 2021లో వ్యూహాత్మక నాలాల అభివృద్ధి కార్యక్రమం (ఎస్‌ఎన్‌డీపీ) మొదలైంది. దాదాపు 985 కోట్ల రూపాయల తొలి దశ పనుల్లో హుస్సేన్‌సాగర్ మిగులు నాలాకు రిటైనింగ్ గోడల నిర్మాణం ఒకటి.

గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. అందుకే సంవత్సరం మొత్తం మీద వాన పెరగకపోయినా కొద్ది గంటల్లో కుమ్మరించే వాన పెరుగుతుంది. గంటకు కొద్ది సెంటీమీటర్ల వానను మోయడానికి కట్టిన పాత మోరీలు అలాంటి రోజున చేతులెత్తేస్తాయి. మట్టి, ప్లాస్టిక్, కూల్చిన ఇళ్ల శిథిలాలు పేరుకుంటే ఆ సామర్థ్యమూ మిగలదు.

స్థానిక కమిటీ ఇక్కడ చేయగలిగినది ఏడాది పొడవునా సాగే ఒక చక్రం. ఎండాకాలంలో పూడికతీత పనులను కంటితో చూడాలి. తీసిన పూడిక గట్టు మీదే ఉండిపోతే తొలివానకు తిరిగి నాలాలోకే జారుతుంది కనుక, దాన్ని ఎత్తుకెళ్లారో లేదో చూడటం పూడిక తీయించడమంత ముఖ్యం. జూన్‌కు ముందు మ్యాన్‌హోల్ మూతలు, నాలా కంచెలు లేని చోట్లను గుర్తించి వార్డు ఇంజనీరుకు రాతపూర్వకంగా ఇవ్వాలి. వానాకాలంలో హుస్సేన్‌సాగర్ నీటిమట్టం, తూముల ద్వారా వదిలే నీటి సమాచారం దిగువ బస్తీలకు సకాలంలో చేరేలా చూడాలి. రాష్ట్ర ప్రణాళికాభివృద్ధి సొసైటీ స్వయంచాలిత వాతావరణ కేంద్రాల లెక్కలు స్థానికంగా దొరుకుతున్నాయి కాబట్టి ‘బాగా కురిసింది’ అని కాక ఇన్ని మిల్లీమీటర్లకు ఈ వీధి మునిగింది అని నమోదు చేయడం ఇప్పుడు సాధ్యమే. రెండు మూడేళ్ల అలాంటి నమోదు ఒక్క వినతిపత్రం కంటే ఎక్కువ బరువు మోస్తుంది.

ఆక్రమణల విషయంలో ప్రమాణం స్పష్టంగానే ఉంది. 2012 ఏప్రిల్ నాటి భవన నియమాల (జీవో 168) ప్రకారం పది మీటర్ల కంటే వెడల్పైన నాలా అంచు నుంచి 9 మీటర్లు, అంతకు తక్కువ వెడల్పు ఉంటే 2 మీటర్లు ఖాళీగా వదలాలి. పది హెక్టార్లు, ఆపై చెరువుకు పూర్తి నీటిమట్టం నుంచి 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు. దశాబ్దాల నుంచి కిక్కిరిసిన అశోక్‌నగర్, దోమలగూడ గట్లపై ఈ కొలతలను వెనక్కి వర్తింపజేయడం మాత్రం సులువు కాదు. గోడ కట్టాలంటే ఇల్లు పోతుంది. ఇల్లు పోయే కుటుంబం, ఇల్లు మునిగే కుటుంబం ఒకే బస్తీవి కావచ్చు. కమిటీ సమావేశంలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటారు. పునరావాసం మాట ముందు తేలకుండా గోడ పని కదలకపోవడానికి కారణం ఇదే.

2024 జులైలో ఏర్పాటైన హైడ్రా (హైదరాబాద్ విపత్తు స్పందన, ఆస్తుల పరిరక్షణ సంస్థ) ఈ రంగంలో కొత్త శక్తి. దిగువన అంబర్‌పేటలో కబ్జాలతో కనుమరుగైన బతుకమ్మకుంటను అది తిరిగి తవ్వించగా 2025 సెప్టెంబరులో ముఖ్యమంత్రి ప్రారంభించారు. ఒకప్పుడు 14 ఎకరాలకు పైగా ఉన్న కుంటలో తిరిగి దక్కింది ఐదెకరాల పైచిలుకు. కుంట కోసం స్థానికులు ఏళ్ల తరబడి కోరుతూ వచ్చినా, తవ్వే అధికారం ఏ వార్డు కమిటీ చేతిలోనూ లేదన్నది గమనించదగ్గది.

పనితీరు: చెత్త

2016 ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు తడి, పొడి, ప్రమాదకర చెత్తను ఇంట్లోనే వేరు చేయాలన్నాయి. రోజుకు 100 కిలోలకు మించి చెత్త వచ్చే చోట్లను భారీ ఉత్పత్తిదారులుగా లెక్కించాయి. హైదరాబాద్ అంతకు ముందే, 2015 నవంబరులో, స్వచ్ఛ ఆటోలను రోడ్డెక్కించి ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం డబ్బాలు పంచింది. చాలా ఇళ్లలో ఆ డబ్బాలు బియ్యానికో నీళ్లకో వాడుకలోకి వెళ్లాయన్నది నగరంలో పాత ఛలోక్తి.

నగరం చెత్త చేరేది జవహర్‌నగర్‌కు. అక్కడ పాత గుట్టను కప్పి, 2020 నుంచి చెత్తతో విద్యుత్తు తీస్తున్నారు. తడిచెత్త గాలి అందకుండా కుళ్లితే మీథేన్ వస్తుంది. వందేళ్ల లెక్కలో అది బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 28 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. తడిచెత్త ఎక్కువగా వచ్చే అశోక్‌నగర్ మెస్‌లు, చిక్కడపల్లి కూరగాయల మార్కెట్, నారాయణగూడ మోడల్ మార్కెట్ వంటి చోట్ల కంపోస్టు ఏర్పాటు చేయించగలిగితే, వందల ఇళ్లను ఒప్పించిన దాని కంటే ఫలితం త్వరగా కనిపిస్తుంది. హాస్టల్ గదిలో ఏడాది ఉండి వెళ్లిపోయే అభ్యర్థికి కాలనీ నియమం నేర్పడం కంటే మెస్ యజమానితో మాట్లాడటం తేలిక.

తెలుగు నేలపై దీనికి ముందు వరుస ఉదాహరణలు ఉన్నాయి. 2000 దశకం మొదట్లో సూర్యాపేట మునిసిపాలిటీ వీధి కుండీలు తీసేసి ఇంటింటి సేకరణ, వర్మీ కంపోస్టుతో దేశం దృష్టిని ఆకర్షించింది. 2012 అక్టోబరులో వరంగల్ క్లీన్ సిటీస్ చాంపియన్‌షిప్ నిర్వహించి, ఇతర పట్టణాల సిబ్బందిని పిలిపించి వార్డుల మధ్య పోటీ పెట్టి చెత్త వేరు చేయించింది. రెండు చోట్లా కదలిక వచ్చింది మునిసిపల్ సిబ్బంది ముందు నిలవడం వల్ల. ఆ అధికారులు మారాక ఎంత మిగిలింది అన్నదాంట్లోనే కమిటీల అవసరం తెలుస్తుంది.

పనితీరు: చెట్లు

2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) ప్రకారం ప్రైవేటు స్థలంలో చెట్టు కొట్టాలన్నా అనుమతి కావాలి. మెట్రో, వంతెన వంటి పెద్ద పనుల్లో చెట్లు పోతే వేరే చోట నాటడం, వేళ్లతో తరలించడం వంటి షరతులు పడతాయి. జూబ్లీ బస్‌స్టేషన్ (జేబీఎస్) నుంచి మహాత్మా గాంధీ బస్‌స్టేషన్ (ఎంజీబీఎస్) వరకు 11 కిలోమీటర్ల మెట్రో మార్గం 2020 ఫిబ్రవరి 7న మొదలైంది. అందులో చిక్కడపల్లి, నారాయణగూడ స్టేషన్లు ఉన్నాయి. ఇందిరా పార్కు, వీఎస్టీల మధ్య ఉక్కు వంతెన 2023 ఆగస్టు 19న అందుబాటులోకి వచ్చింది. ఒకటి బస్సు, మోటారు ప్రయాణాలను తగ్గించేది, మరొకటి మోటారు రద్దీకి దారి పెంచేది. రెండూ ఒకే పేట మీదుగా పోతున్నాయి. స్టేషన్ దాకా నీడనిచ్చే కాలిబాట ఉందా లేదా అన్నది మాత్రం మెట్రో సంస్థ కంటే వార్డు ఎక్కువ పట్టించుకోవలసిన ప్రశ్న.

2020 సంవత్సరానికి హైదరాబాద్‌ను ఆర్బర్ డే ఫౌండేషన్, ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ ‘ప్రపంచ వృక్ష నగరం’గా గుర్తించాయి. ఆ గుర్తింపుకు ఐదు ప్రమాణాలున్నాయి. మొదటిది చెట్ల బాధ్యతను ఒక అధికారికో, విభాగానికో, పౌరుల బృందానికో రాతపూర్వకంగా అప్పగించడం. మిగిలినవి నిబంధనలు, చెట్ల లెక్క, నిధులు, ఏటా వేడుక. నాటిన మొక్కల సంఖ్య ఈ ఐదింటిలో లేదు.

పనితీరు: ఎండ, గాలి, చప్పుడు

తెలంగాణ 2023 ఏప్రిల్ 3న చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది. ఎండను తిప్పికొట్టే తెల్ల పూత, పలకలు, షీట్లతో 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్లు, అందులో హైదరాబాద్‌లో 200 చదరపు కిలోమీటర్ల కప్పును చల్లబరచాలన్నది లక్ష్యం. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు, ఆపై స్థలంలోని ఇళ్లకు ఇది తప్పనిసరి. దీనికి ముందు 2017లో నగరంలో 25 పేద ఇళ్ల కప్పులపై చేసిన ప్రయోగంలో ఇంటిలోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. చిక్కడపల్లి బస్తీల్లోని రేకుల ఇళ్లు, అశోక్‌నగర్‌లో మేడపై కట్టిన అద్దె గదులు 600 గజాల గీతకు బయటే ఉంటాయి. తప్పనిసరి కానిచోట ఒప్పించడం ఒక్కటే దారి. అది కమిటీ పని.

గాలి కొలతల్లో సన్నటి ధూళి కణాలైన పీఎం10కు జాతీయ వార్షిక పరిమితి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు, ఇంకా సన్నవైన పీఎం2.5కు 40. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించేవి 15, 5. రోడ్డు దుమ్ము, నిర్మాణ శిథిలాలు, చెత్త తగలబెట్టడం వార్డు స్థాయిలో అదుపు చేయగల కారణాలు. 2000 నాటి శబ్ద నియమాలు నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్‌ను, ఆస్పత్రులు, బడులకు 100 మీటర్ల లోపు పగలు 50, రాత్రి 40ని హద్దుగా పెట్టాయి. సినిమా విడుదల రోజున ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఈ అంకెలను గుర్తుచేసేవారు తక్కువ.

అధికారాలు, నిధులు

వార్డు కమిటీకి సొంత పన్ను లేదు, సొంత సిబ్బంది లేరు. హరిత నిధి ఖర్చు కేంద్రీకృతంగానే నిర్ణయమవుతుంది. కమిటీ సిఫార్సు చేస్తుంది, జీహెచ్‌ఎంసీ స్టాండింగ్ కమిటీ, కమిషనర్ ఆమోదిస్తారు. 2023 జూన్ 16న కాచిగూడలో ప్రారంభంతో మొదలైన వార్డు కార్యాలయాల వ్యవస్థ ఈ దూరాన్ని తగ్గించే ప్రయత్నం. ఒక్కో వార్డులో పారిశుధ్యం, ఇంజనీరింగ్, పట్టణ ప్రణాళిక, దోమల నివారణ, పచ్చదనం, జలమండలి, విద్యుత్తు చూసే పదిమంది సిబ్బందిని ఒకే కప్పు కింద కూర్చోబెట్టాలన్నది ఆలోచన.

సమస్య అంతా ఆ కప్పు బయటే ఉంది. మురుగు, తాగునీరు 1989లో ఏర్పడిన జలమండలివి. చెరువుల హద్దులు హెచ్‌ఎండీఏవి, కూల్చివేతలు హైడ్రావి, గాలి కొలతలు కాలుష్య నియంత్రణ మండలివి, మెట్రో మరో సంస్థది. ఒక నాలాలో మురుగు కలుస్తోందన్న ఫిర్యాదు జీహెచ్‌ఎంసీ నుంచి జలమండలికి, అక్కడి నుంచి వెనక్కి ప్రయాణించడం పాత కథే. దిగువన అంబర్‌పేటలో రోజుకు 339 మిలియన్ లీటర్ల మురుగును శుద్ధి చేసే కేంద్రం ఉన్నా, గొట్టంలోకి ఎక్కని మురుగు దాని దాకా చేరదు.

పోల్చదగ్గ నమూనాలు

ముంబయిలో 1990ల చివర ఘాట్‌కోపర్ జోషీ లేన్ నుంచి మొదలైన వీధి స్థాయి సంఘాలు చెత్త వేరు చేయడాన్ని నగరపాలక సంస్థ గుర్తించిన ఏర్పాటుగా మార్చాయి. ముంబయి 2022 మార్చిలో నగర వాతావరణ కార్యాచరణ ప్రణాళికను కూడా ప్రకటించింది. పుణె 2006 నుంచి పౌరులు సూచించిన చిన్న పనులకు బడ్జెట్‌లో చోటిస్తోంది. బెంగళూరులో కోర్టు ఒత్తిడి తర్వాత వార్డు కమిటీల నెలవారీ సమావేశాలు గాడిన పడ్డాయి. ఇలాంటి ఆలోచన 1992 రియో సదస్సు ‘అజెండా 21’లోని 28వ అధ్యాయంలోనూ ఉంది. స్థానిక సంస్థలు తమ పౌరులతో మాట్లాడి సొంత పర్యావరణ ప్రణాళిక రాసుకోవాలని అది కోరింది.

విమర్శలు, పరిమితులు

మొదటి విమర్శ నియామకాలపై. కార్పొరేటర్ అనుచరులతో కమిటీ నిండితే అది ఫిర్యాదుల వేదిక కాకుండా పోతుందని పౌర సంఘాలు చెబుతూ వచ్చాయి. రెండోది ప్రాతినిధ్యం. సొంతిల్లున్న కాలనీ పెద్దలు సమావేశాలకు వస్తారు, హాస్టల్‌లో ఉండే అభ్యర్థి, నాలా గట్టున అద్దెకుండే కుటుంబం రారు. అశోక్‌నగర్‌లో నివసించే యువత గణనీయమే అయినా, వారి ఓటు చాలావరకు సొంత ఊళ్లలోనే ఉంటుంది. మూడోది కొనసాగింపు. పాలకమండలి మారిన ప్రతిసారీ కమిటీ కూడా కొత్తగా మొదలవుతుంది, పాత నమోదులు ఎవరి అలమరలోనో మిగిలిపోతాయి.

దీనికి మరో వైపు వాదనా ఉంది. కమిటీలకు అధికారాలు పెంచితే పట్టణ ప్రణాళికలో స్థానిక ఒత్తిళ్లు ఇంకా పెరుగుతాయని, నాలా వంటి నగర స్థాయి వ్యవస్థను వార్డులవారీగా ముక్కలు చేయలేమని కొందరు ఇంజనీర్లు, అధికారులు అంటారు. నీటి దారి విషయంలో ఈ వాదనలో పస ఉంది. చెత్త, చెట్లు, పైకప్పుల విషయంలో అంత లేదు.

ఎల్లల మార్పు

2020 డిసెంబరు ఎన్నికలు 150 వార్డులకు జరిగాయి. 2025 చివర చుట్టుపక్కల 27 పురపాలక సంఘాలను కలిపి వార్డులను 300కు పెంచుతూ పునర్విభజన చేశారు. కేంద్ర నగరంలో డివిజన్ల హద్దులు మారాయి. ఏ వీధి ఏ వార్డు కిందికి వచ్చిందో తెలుసుకోవడం ఇప్పుడు చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ సంఘాల తొలి పని అయింది. హుస్సేన్‌సాగర్ నుంచి మూసీ దాకా ఉన్న మిగులు నాలా ఒడ్డు వార్డులన్నిటికీ కలిపి ఒక ఉమ్మడి నాలా కమిటీ ఉండాలన్న ఏర్పాటు జీహెచ్‌ఎంసీ చట్టంలో విడిగా లేదు. అయితే ఒకటి కంటే ఎక్కువ వార్డులకు కలిపి ఒకే కమిటీ వేయడానికి 243-ఎస్ అధికరణ వీలు కల్పిస్తుంది.